పదో తరగతి మెమోలో పేరు మార్పు: ఏజెన్సీ, గెజెట్, సివిల్ కోర్టు సేవలపై నా సమీక్ష

నా పదో తరగతి మెమోలో పేరు పెంటమ్మ అని ఉండేది. ఇప్పుడు అదే హాల్‌టికెట్ నంబరుతో, అవే మార్కులతో, ప్రమీల అన్న పేరుతో కొత్త మెమో నా చేతిలో ఉంది. పాత మెమో మార్చుకోవాలని బయలుదేరింది మొదలు కొత్తది చేతికి వచ్చేసరికి రెండేళ్లకు పైగా గడిచాయి. ఆ రెండేళ్లలో ఒక పేరుమార్పిడి ఏజెన్సీ, ప్రభుత్వ గెజెట్ విభాగం, మా సొంత జిల్లాలోని ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నాకు చేసిన సేవ ఎలా ఉందో, ఎక్కడ డబ్బు వృథా అయిందో, ఎక్కడ పని జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. నాలాంటి పేరుతో బతుకుతున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఇది వారికి పనికొస్తుందని నా నమ్మకం.

పుట్టిన పిల్లలు వరుసగా దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టుగా మళ్లీ ఇంట్లోకి తెచ్చుకుని పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలవడం మన దగ్గర పాత ఆచారం. తవుడు ఇచ్చి కొనుక్కున్న బిడ్డ తవిటయ్య అవుతాడు, ఎంగిలి విస్తళ్ల మీద పడుకోబెట్టిన బిడ్డ పుల్లయ్య అవుతాడు. చావు కన్ను పడకుండా బిడ్డను తక్కువ చేసి చూపించడమే ఆ పేర్లలోని ప్రేమ, అది నాకు తెలుసు. అయితే ఆస్పత్రి వార్డులో నర్సుగా నిలబడినప్పుడు ఆ ప్రేమ ఎవరికీ కనబడదు. ఒకసారి ఆరేళ్ల పిల్లవాడికి సెలైన్ సూది పెడుతుండగా, వాడు నా బ్యాడ్జి మీది తెలుగక్షరాలను కూడబలుక్కుని చదివి, ముక్కు మూసుకుని తల్లి వైపు తిరిగాడు. ఆ తల్లి సిగ్గుపడి నాకు క్షమాపణ చెప్పింది. తప్పు ఆమెదీ కాదు, ఆ పిల్లవాడిదీ కాదు. ఆ రాత్రి డ్యూటీ దిగగానే పేరు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మొదట వెళ్లింది ఏజెన్సీకి. ఏజెన్సీ పేరు ఇక్కడ చెప్పను. 'కోర్టు ద్వారా పేరు మార్పు, అన్ని సర్టిఫికెట్లూ గ్యారంటీ' అని వాళ్ల బోర్డు మీద ఉంది. ఎనిమిది వేల ఐదు వందల రూపాయలు తీసుకుని, వారం రోజుల తర్వాత వంద రూపాయల స్టాంపు కాగితం మీద టైపు చేసి ఎర్రటి గుండ్రటి ముద్ర వేసిన అఫిడవిట్‌నూ, రెండు పత్రికల్లో అచ్చయిన చిన్న ప్రకటనల కత్తిరింపులనూ చేతిలో పెట్టి, ఇదే కోర్టు ఆర్డరు అన్నారు. అది కోర్టు ఆర్డరు కాదు. నోటరీ అంటే 1952 నాటి నోటరీల చట్టం కింద ప్రభుత్వం నియమించిన లాయరు. ఆయన టేబులు కోర్టు ప్రాంగణంలో చెట్టు కింద ఉన్నంత మాత్రాన ఆయన ముద్ర కోర్టు ముద్ర అయిపోదు. అఫిడవిట్ అనేది మన పేరు గురించి మనమే ప్రమాణం చేసి చెప్పుకున్న మాట మాత్రమే. అది అవసరమే, అయితే అది మొదటి మెట్టు. దాన్నే చివరి మెట్టుగా చూపించి డబ్బు తీసుకోవడం అన్యాయం. అఫిడవిట్, ప్రకటనలు ఎవరికి వారు చేయించుకోగలిగిన పనులే కాబట్టి ఈ సేవకు నేను ఒక్క మార్కు కూడా ఇవ్వలేను.

ప్రభుత్వ అధికారిక ప్రకటనలు అచ్చయ్యే గెజెట్ సంగతి వేరు. తెలంగాణ వాళ్లకు రాష్ట్ర గెజెట్ ప్రకటన హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్ కార్యాలయం నుంచి వస్తుంది. కేంద్ర గెజెట్ కావాలనుకునేవాళ్లు ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగానికి పంపుకోవాలి, అక్కడ పేరు మార్పు ప్రకటనలు నాలుగో భాగంలో వస్తాయి. అఫిడవిట్, పత్రికా ప్రకటనలు, గుర్తింపు కాగితాలు, ఫీజు సరిగ్గా ఉంటే పెద్దగా ప్రశ్నలు ఉండవు. నా విషయంలో కౌంటర్‌లోని ఉద్యోగి నా దరఖాస్తులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాసి ఉండడం గమనించి, అక్కడికక్కడే సరిచేయించారు. ఆ ఓపికకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆధార్‌లో పేరును మామూలుగా జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలు ఖాయం కాకముందే తొందరపడి ఒక అవకాశాన్ని పోగొట్టుకోకూడదు. గెజెట్ చేతికి వచ్చాక ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం ఒకదాని వెంట ఒకటి మారాయి.

మారనిది పదో తరగతి మెమో. నర్సింగ్ చదువు సర్టిఫికెట్లు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆస్పత్రి సర్వీసు రికార్డు, చివరకు ఆ బ్యాడ్జి కూడా మెమోలోని పేరు మీదే నడుస్తాయి. స్కూలు హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు పంపితే, అచ్చుతప్పులు దిద్దగలమే గానీ పేరు మార్చలేమని, కోర్టు డిక్రీ (తీర్పు మేరకు కోర్టు ఇచ్చే అధికారిక ఉత్తర్వు) ఉంటే పరిశీలిస్తామని లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. ఆ లేఖ చదివి ఏడ్చాను. తర్వాత చూస్తే దావాకు కావలసిన ముఖ్యమైన కాగితం అదే అయింది. ఇలాంటి దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, మా లాయరు ఆ తిరస్కరణ లేఖ తేదీ నుంచే లెక్క చూపించారు. నోటిమాటగా కాదన్నారని ఊరుకోకుండా కాగితం మీద జవాబు అడిగి తీసుకోవాలని అందుకే చెబుతున్నాను.

గెజెట్‌కూ డిక్రీకీ తేడా నాకు అర్థమైంది లాయరు మేడం ఆఫీసులోనే. గెజెట్ మన మార్పును లోకానికి చాటుతుంది. దానివల్ల వచ్చే చట్టపరమైన బాధ్యత తమది కాదని కేంద్ర గెజెట్ నాలుగో భాగం పైనే అచ్చువేసి ఉంటుంది. డిక్రీ లోకమంతటికీ చెప్పదు, దావాలో ఎవరిని ప్రతివాదులుగా చేర్చామో వారిని కట్టిపడేస్తుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ కింద మన హోదాను ప్రకటించమని కోర్టును అడగవచ్చు. ఆ ప్రకటన పార్టీలను, అంటే దావాలోని ఇరుపక్షాలనూ, వారి ద్వారా హక్కు చెప్పుకునేవారినీ మాత్రమే బంధిస్తుందని 35వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మెమో ఇచ్చిన పరీక్షల శాఖను పార్టీగా చేర్చకుండా డిక్రీ తెచ్చుకుంటే, ఎంత అందమైన డిక్రీ అయినా ఆ శాఖ తలుపు తెరవదు. ఇంకొక మెలిక కూడా ఉంది. ఫలానా పేరు నాది అని ప్రకటించమని మాత్రమే అడిగి, మెమో సరిచేసి ఇవ్వమనే మాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేసి తీరాలన్న కోర్టు ఆదేశం) అడగకపోతే, అడగగలిగిన ఉపశమనాన్ని అడగలేదన్న కారణంతో 34వ సెక్షన్ షరతు కిందే దావా వీగిపోవచ్చు. మా ఊరివాళ్లే ఒకరు ఇలా ఏడాదిన్నర తిరిగి మళ్లీ మొదటికొచ్చారు. మీ లాయరు రాసిన దావా చివరి పేజీలో ఈ రెండు కోరికలూ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.

2021 జూన్ 3న జస్టిస్ ఎ.ఎం. ఖన్విల్కర్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం సి.బి.ఎస్.ఇ. సర్టిఫికెట్ల విషయంలో ఇచ్చిన తీర్పును లాయరు మేడం ప్రింటు తీసి నాకిచ్చారు. తన పేరు మీద తనకు అధికారం ఉండడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని అందులో ఉంది. జనన ధ్రువపత్రం వంటి ప్రభుత్వ పత్రాలతో సరిపోయేలా దిద్దుకోవడం ఒకటి, కొత్తగా పెట్టుకున్న పేరుకు మారడం ఇంకొకటి అని ఆ తీర్పు విడదీసింది. రెండో రకం మార్పుకు కోర్టు ప్రకటన, గెజెట్ రెండూ చూపించమని, పాత సర్టిఫికెట్ వెనక్కి ఇవ్వమని బోర్డు అడగవచ్చని కూడా చెప్పింది. ఆ తీర్పులో మన రాష్ట్ర బోర్డు పార్టీ కాదు. అయినా నాది సరిగ్గా రెండో రకం కావడం వల్ల ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలో అందులోనే తెలిసింది.

ప్రభుత్వం మీద దావా కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు పంపి రెండు నెలలు ఆగాలి. నోటీసు 2022 జూన్‌లో వెళ్లింది, దావా సెప్టెంబరులో నంబరైంది. జిల్లా కలెక్టరు, ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు, జిల్లా విద్యాశాఖాధికారి, మా స్కూలు హెడ్మాస్టరు ప్రతివాదులు. కోర్టు ఫీజు స్వల్పమే, అసలు ఖర్చు లాయరు ఫీజు. నేను పాతిక వేలు ఇచ్చాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారని నాకు దావా సగం నడిచాక గానీ తెలియలేదు. ఆ న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం నేను ప్రతి వాయిదాకూ దాటుకుంటూ వెళ్లిన గదే. అడిగితే చెప్పేవారేమో గానీ, లోపలికి వెళ్లి అడగాలని నాకు తోచలేదు. మీరు ముందు ఆ గదిలోకి వెళ్లండి.

వాయిదాల గురించి ఫిర్యాదు చేయక తప్పదు. తొమ్మిది వాయిదాల్లో మూడు ప్రభుత్వ పక్షం రిటన్ స్టేట్‌మెంట్, అంటే దావాకు రాతపూర్వక జవాబు, దాఖలు చేయనందుకే పోయాయి, ఒకటి జడ్జిగారు సెలవులో ఉన్నందుకు, ఒకటి సమ్మె వల్ల. నైట్ డ్యూటీ దిగి, తెల్లవారుజామున బస్సెక్కి, నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి కోర్టు హాలు బయట కూర్చోవడానికి బల్ల లేకపోవడం, తాగడానికి నీళ్లు లేకపోవడం చిన్న లోపాలు కావు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం వేసి ఉంది. అయితే సాక్ష్యం చెప్పే రోజు తప్ప మిగతా వాయిదాలకు వాది రానక్కర్లేదని, లాయరు హాజరైతే చాలునని నాకు ఐదో వాయిదాకు గానీ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కొట్టి, తర్వాతి తేదీని ఇంటి దగ్గరే చూసుకున్నాను. ఈ యాప్ మాత్రం చక్కగా పనిచేస్తుంది. వాయిదా పడిన సాయంత్రానికే కొత్త తేదీ, ఎందుకు పడిందో కారణం అందులో కనిపించేవి.

సాక్ష్యం రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను పి.డబ్ల్యు.1, అంటే వాది పక్షం మొదటి సాక్షిని, అమ్మ పి.డబ్ల్యు.2. మేము చెప్పదలచిన సాక్ష్యం రాసిన చీఫ్ అఫిడవిట్లు ముందే దాఖలయ్యాయి కాబట్టి బోనులో నిలబడింది క్రాస్ కోసమే, అంటే ఎదుటి పక్షం వేసే ప్రశ్నల కోసమే. ప్రభుత్వ ప్లీడరుగారు పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) నకలు చూపించి, ఈ సంతకం మీదేనా అని అడిగారు. నాదే అన్నాను. అప్పుడు మీకు అభ్యంతరం లేదా అన్నారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు, అభ్యంతరం చెప్పవచ్చని తెలియదు అన్నాను. అప్పులు గానీ కేసులు గానీ తప్పించుకోవడానికి పేరు మారుస్తున్నారా అని అడిగితే లేదన్నాను. అందుకు సాక్ష్యంగా బ్యాంకు కాగితాలు, పోలీసు ధ్రువపత్రం అప్పటికే ఎగ్జిబిట్లుగా ఉన్నాయి. ఆ ప్రశ్నలు నన్ను బాధపెట్టలేదు. పేరు మార్పు ముసుగులో మోసాలు జరుగుతాయి కాబట్టి అడగవలసినవే.

తర్వాత అమ్మను పిలిచారు. ఆ పేరు మీరే పెట్టారు కదా, ఇప్పుడు మీరే వద్దంటున్నారెందుకు అని ప్లీడరుగారు అడిగారు. అమ్మ జడ్జిగారి వైపు తిరిగి, "ఇద్దరు పిల్లలు దక్కలే సార్. ఈ బిడ్డన్న దక్కాలని మా అత్త పెంట మీద పండబెట్టి, చాటెడు తవుడిచ్చి మళ్ల తెచ్చుకున్నది. బతికింది. బతికినంక ఇగ ఆ పేరుతోని ఏం పని సార్?" అంది. జడ్జిగారు సాక్ష్యాన్ని ఇంగ్లీషులో టైపిస్టుకు చెబుతూ, పెంట అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఏ మాట వాడినా సరిపోదనిపించిందేమో, కాసేపు చూసి, ఆ మాటను తెలుగులో ఎలా ఉందో అలాగే ఉంచమని చెప్పారు. తర్వాత నన్ను చూసి, "ఇన్నేళ్లు పనిచేసిన ఆస్పత్రిలో అందరికీ ఆ పేరే అలవాటు కదమ్మా, ఇబ్బంది కాదా?" అని అడిగారు. పేషెంట్లు రోజూ మారుతుంటారు సార్, ప్రతి కొత్త పేషెంటుకూ మళ్లీ మొదటిసారే అన్నాను. ఏజెన్సీలో గానీ, పత్రికా ప్రకటనల కౌంటరులో గానీ, గెజెట్ దరఖాస్తులో గానీ ఎవరూ ఇంత నిదానంగా ఎందుకని అడగలేదు. ఫారంలో కారణం రాయడానికి ఒక గీత ఉంటుంది, అంతే. ఇన్ని లోపాలు ఉన్న కోర్టు సేవకు ఐదింట నాలుగు మార్కులు ఇస్తున్నానంటే, అందులో రెండు ఆ ఇరవై నిమిషాలకే.

తీర్పు 2023 నవంబరులో వచ్చింది. అంతా అయిపోయిందనుకున్న చోట ఇంకొక చిక్కు ఎదురైంది. డిక్రీలో నా కొత్త పేరు ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ పడి, గెజెట్‌తో సరిపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద అక్షరదోషం దిద్దమని పిటిషన్ వేసి, మరో రెండు వాయిదాలు ఆగవలసి వచ్చింది. సర్టిఫైడ్ కాపీ చేతికిచ్చిన కాపీయింగ్ సెక్షన్ కిటికీ దగ్గరే నిలబడి, గెజెట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం పోల్చి చూసుకుని ఉంటే రెండు వారాలైనా కలిసొచ్చేవి. కాపీలు కనీసం నాలుగు తీసుకోవాలి, ప్రతి కార్యాలయమూ ఒకటి ఉంచేసుకుంటుంది.

సరిదిద్దిన డిక్రీ, గెజెట్, పాత మెమో అసలు ప్రతి కలిపి స్కూలు ద్వారా హైదరాబాద్ చాపెల్ రోడ్డులోని పరీక్షల డైరెక్టరు కార్యాలయానికి పంపాము. కొత్త మెమో రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంటర్ బోర్డునూ నర్సింగ్ కౌన్సిల్‌నూ దావాలో పార్టీలుగా చేర్చలేదని నేను చాలా భయపడ్డాను. కొత్త మెమో చూపించాక రెండుచోట్లా అభ్యంతరం చెప్పలేదు. అయినా ఇంకొకసారి దావా వేయవలసి వస్తే మాత్రం ఇద్దరినీ చేర్చమనే లాయరుకు చెబుతాను. వారు ఒప్పుకోవడం వారి మంచితనం, డిక్రీ బలం కాదు.

అందరికీ కోర్టు అవసరం లేదన్నది కూడా చెప్పాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే వారికి చాలాచోట్ల వివాహ ధ్రువపత్రమే సరిపోతుంది. పసిబిడ్డ పేరు జనన రికార్డులో చేర్చడానికి రిజిస్ట్రారు దగ్గరకు వెళితే చాలు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 నాటి చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ధ్రువపత్రంతోనే పేరు మార్చుకునే వీలుంది. స్కూల్లో పడిన అచ్చుతప్పు అయితే, అడ్మిషన్ రిజిస్టరు నకలుతో హెడ్మాస్టరు ద్వారానే పని జరగవచ్చు. సర్టిఫికెట్లతో పనిలేని వారికి గెజెట్ ధారాళంగా సరిపోతుంది. చదువు కాగితాల మీద బతికే నాలాంటివారికే ఈ దారి.

డిక్రీ కాపీలకు దరఖాస్తు పెట్టినప్పుడే, కేసుతో పనిలేకపోయినా, అమ్మ సాక్ష్యం కాపీకి కూడా దరఖాస్తు పెట్టాను. ఒకటిన్నర పేజీ ఉంది. అంతా ఇంగ్లీషు, మధ్యలో ఆ ఒక్క తెలుగు మాట. ఇంటికి తెచ్చి అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. నాయనమ్మ పేరు కూడా రాశారా అని అడిగింది. లేదు, 'సాక్షి అత్తగారు' అని మాత్రమే ఉంది అని చెప్పాను.